గుర్రమా, రౌతా?

కిర్గిజ్ కొండల నడుమ నరీన్ బజారులో చోల్పోన్ తన ల్యాప్‌టాప్‌ల దుకాణం తెరిచి ఇంకా దుమ్ము దులపనేలేదు, ముగ్గురు ముసలివాళ్లు లోపలికి వచ్చేశారు. తెల్ల ఉన్ని టోపీల మగవాళ్లు ఇద్దరు, చేతిలో మూటతో ఒక ఆవిడ. వాళ్లతో పాటే గొర్రెల వాసనా వచ్చింది.

"అమ్మాయ్, కుర్రాళ్లు ఆటలాడుకునే కంప్యూటర్ కావాలి. మడిచి సంకలో పెట్టుకునేది," అన్నాడు పెద్దాయన. ఆయన తాష్-బులాక్ ఊరి పెద్ద, ఇబ్రాయ్.

"మనవడికా తాతా?"

"కాదు. ఉలాక్ ఆడే కుర్రాడికి. జట్టంతా వాడి మీదే నడుస్తుంది. ఈ ఆటల పిచ్చి కూడా ఉంది. పాత కంప్యూటర్‌ని వాళ్లమ్మ విసుగెత్తి ఏట్లో పారేసిందట."

గుర్రాలెక్కి మేక కళేబరాన్ని లాక్కుని గీత దాటించే ఉలాక్ పోటీ ఉందంటే ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లు కూడా వాయిదా పడతాయి. ఈ ఆదివారం తాష్-బులాక్‌కీ, ఏటి అవతలి అక్-జార్‌కీ పోటీ. వరసగా మూడేళ్లు తాష్-బులాకే ఓడింది. ఓడిన ఊరి పెద్ద విందులో గెలిచిన ఊరి పెద్దకి గొర్రె తలకాయ తన చేత్తో వడ్డించాలి.

"మూడేళ్లు వడ్డించాను తల్లీ," అన్నాడు ఇబ్రాయ్. "ఆ అక్-జార్ ముసలాడు దాని చెవి కోసి నాకే ఇస్తాడు, చంటిపిల్లాడికి పెట్టినట్టు! మళ్లీ వడ్డించాల్సి వస్తే ఊళ్లో ఉండను. కొండెక్కి కూర్చుంటా."

"మోకాళ్లు ఎక్కనిస్తే కదా!" అన్నాడు రెండో ముసలాయన కాలిక్.

రౌతుకి ముందే కానుకిచ్చి హుషారు చేద్దామనుకుంటున్నారు కాబోలు అనుకుంది చోల్పోన్. రెండు ల్యాప్‌టాప్‌లు బల్లమీద పెట్టింది.

"రెండిటి ధరా ఒకటే. నల్లదానిలో ప్రాసెసర్ కొత్తది, గ్రాఫిక్స్ కార్డు చిన్నది. ఎర్రదానిలో కార్డు పెద్దది, ప్రాసెసర్ కాస్త పాతది."

"మాకు తెలిసేలా చెప్పు."

"ప్రాసెసర్ లెక్కలు చూస్తుంది, కార్డు బొమ్మలు గీస్తుంది. ప్రాసెసర్ గుర్రం, కార్డు రౌతు అనుకో తాతా."

అలా అనకుండా ఉండాల్సింది.

"అయితే గుర్రమే ముఖ్యం!" అన్నాడు ఇబ్రాయ్.

"నీ బూడిదరంగు గుర్రానికి నీకంటే తెలివెక్కువ. ఏం లాభం?" అన్నాడు కాలిక్. "వయసులో ఉన్నప్పుడు నువ్వు పడిపోయావు, అదొక్కటే గీత దాటింది."

"అది జీను తప్పు!"

"జీను పాపం నోరు లేనిది. ఏమైనా అను."

ఇబ్రాయ్ ఎర్ర ల్యాప్‌టాప్‌ని తిరగేసి, వయసు తెలుసుకోవడానికి గుర్రం పళ్లు చూసినట్టు, గాలి వెళ్లే కంతల్లోకి తొంగిచూశాడు. "పాతదంటున్నావు. ఎన్నేళ్లుంటాయి?"

"ఇక చాలు," అంది ఆయన భార్య బాత్మా. "వాడి చూడందే ఏం తెలుస్తుంది? కాలిక్ మరిదీ, కూర్చో."

మూట విప్పి, వేడివేడి సంసాలు తీసి అతని మోచేతి పక్కన పెట్టింది. మాంసం, ఉల్లిపాయల వాసన దుకాణమంతా కమ్ముకుంది.

కాలిక్ ముందు నల్లదాని మీద, చోల్పోన్ చూపించిన యుద్ధం ఆట ఆడాడు. తెరమీద సైనికులు ఎక్కువైనప్పుడల్లా బొమ్మ వెక్కిళ్లు పెట్టింది. అతను రెండు సంసాలు తిన్నాడు. టీ అడిగాడు. తన మోకాలి నొప్పి గురించి చెప్పాడు. మధ్యలో లేచి బయటికి కూడా వెళ్లొచ్చాడు.

బాత్మా తల అడ్డంగా ఊపింది. "ఇది పనికిరాదు. తింటున్నాడు, మాట్లాడుతున్నాడు."

"అది మంచిదే కదమ్మా?" అంది చోల్పోన్.

బాత్మా ఎర్రదాన్ని అతని ముందుకు జరిపింది.

ఈసారి బొమ్మ నీళ్లలా పారింది. కాలిక్ టోపీ ఒక చెవి మీదికి జారింది. సర్దుకోలేదు. టీ మీద మీగడ కట్టింది. సంసాల్లో కొవ్వు గడ్డకట్టింది.

"కాలిక్, నీ ఆవు తప్పిపోయిందట!" అన్నాడు ఇబ్రాయ్.

"ఊఁ."

"నీ పెళ్లాం లేచిపోయిందట!"

"ఊఁ... పోనీ."

చివరికి మొగుడూ పెళ్లాలిద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేపాల్సి వచ్చింది.

"ఇదే," అంది బాత్మా, తోడు పెట్టిన పాలు గట్టిగా తోడుకున్నాయని చూసుకున్న ఇల్లాలిలా.

ఇబ్రాయ్‌కి ఇంకా అనుమానం తీరలేదు. "పాత గుర్రం కదమ్మా. మధ్యలో వేడెక్కి ఆగిపోదు కదా? ఆగిందంటే కుర్రాడు లేస్తాడు."

"లోపల రెండు ఫ్యాన్లున్నాయి తాతా. రాత్రీ పగలూ ఆడినా ఆగదు. ఈ ఆటలకి ఈ గుర్రం చాలు, రౌతే గట్టిగా ఉండాలి."

"విన్నావా?" అన్నాడు కాలిక్. "రౌతే!"

ఊరంతా తలా కాస్త వేసి పోగుచేసిన డబ్బు బాత్మా రుమాలులోంచి తీసి ఇచ్చింది. చోల్పోన్ పెట్టెకి ఎర్ర రిబ్బను చుట్టింది. చుట్టాక మనసు ఊరుకోలేదు.

"అమ్మేదాన్ని నేనే అయినా ఒక్కమాట చెబుతాను తాతా. ఇది పోటీ అయ్యాక ఇవ్వండి. ఇప్పుడే ఇచ్చారంటే ఆ కుర్రాడు తిండీ నిద్రా మానేసి దీని ముందే కూర్చుంటాడు. ఇక ఆదివారం గుర్రమెక్కితే ఒట్టు."

ముసలివాళ్లు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇబ్రాయ్ గడ్డం నిమురుకున్నాడు.

"అందుకే తల్లీ, ఇవాళే, మా పేరు చెప్పకుండా, ఏటి అవతల అక్-జార్ జట్టు నాయకుడి ఇంటికి పంపించెయ్."