బావ కొయ్యకప్ప

బావ కొయ్యకప్పని కొట్టేయాలంటే ముందు దానికి కవలని పుట్టించాలి. అందుకే గడియారాలు బాగుచేసే బావమరిది రెండు నెలలుగా షాపు కట్టేశాక కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటున్నాడు. ఫోన్లో దొంగచాటుగా తీసిన ఫొటోలు చూసుకుంటూ, మూతి మీద పగులు, పొట్ట మీద పంటిగాట్లు, వీపున రంగు లేచిన చోటు అన్నీ అచ్చు దింపేశాడు.

బావ వడ్రంగి. గాలానికి ఎరగా తేలిక చెక్కతో ఆయన చెక్కే కప్పలు నీటి మీద తేలతాయి. దారం లాగితే బుడుక్ మంటాయి. ఆ చప్పుడుకి తామరాకుల కింద నక్కిన కొర్రమీను ఎగిరి పట్టుకుంటుంది. డజను కప్పలున్నా, ఏటా జరిగే చేపల పందేనికి మాత్రం ఆ మూతి పగిలిన ఆకుపచ్చదాన్నే తెస్తాడు. ఆరేళ్ళుగా కప్పు ఆయనదే.

కప్పు పట్టుకుపోతే పోయాడు, నోరు ఊరుకోదుగా.

"నీ కప్పలు స్నానానికి దిగినట్టుంటాయిరా. చేపలు మొహమాటపడి పక్కకి తప్పుకుంటాయి" అంటాడు, ఇంటిల్లిపాదీ భోజనాల దగ్గరున్నప్పుడు చూసి మరీ.

పోయినేడు బావమరిదికి ఒళ్ళు మండి, మళ్ళీ ఓడిపోతే గాలం బావకిచ్చేసి చెరువు మొహం చూడనని అందరి ముందూ ఒట్టు పెట్టేశాడు. వారమంతా ఆదివారం కోసమే బతికే మనిషి. ఒట్టు పెట్టిన రాత్రి నిద్ర పడితే ఒట్టు.

పందేనికి ముందు రోజు మధ్యాహ్నం బావ గురక పెడుతున్నాడు. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. బావమరిది అలమార తెరిచి కప్పని తీసి జేబులో వేసుకుని, తన నకలుని ఆ స్థానంలో పెట్టాడు.

"అప్పుడే వెళ్తున్నావేంరా?" అంది అక్క.

"షాపు తెరవాలక్కా" అని జారుకున్నాడు. వీధి మలుపు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే చెరువు గట్టు మీద, కొట్టేసిన కప్పని దాచిన గాలం సామాను పెట్టె దింపి, "నా పెట్టె కాస్త చూస్తుండు బావా" అని చెప్పి పేరు రాయించుకోవడానికి వెళ్ళాడు. పోయిన సొత్తుకి సొంతదారుడినే కాపలా పెట్టినందుకు దారంతా నవ్వాపుకోలేకపోయాడు.

తామరాకుల అంచున కప్పని విసిరాడు. నీటి మీద వలయాలు సర్దుకునేదాకా ఆగి, రెండుసార్లు లాగి, మళ్ళీ ఆగాడు. నీళ్ళు భళ్ళున పగిలాయి. గాలం కర్ర విల్లులా వంగింది. పావుగంట పెనుగులాడి ఒడ్డుకి లాగిన కొర్రమీను కాటా మీద నాలుగు కిలోలు దాటింది. అవతలి గట్టున బావకి రెండు చిన్నవే పడ్డాయి. ఆ నకలు కప్పకి అవి పడటమే గొప్ప అని బావమరిది జాలిపడ్డాడు.

కప్పు చేతికొచ్చిన మరుక్షణం బావ వచ్చి వాటేసుకున్నాడు.

"ఆరేళ్ళకి నన్ను ఓడించావురా. నీ గాలం నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

మూతి ముడుచుకుని ఉంటే ఏ బాధా లేకపోయేది. ఇప్పుడు బావమరిదికి తల కొట్టేసినట్టయింది. బావని పక్కకి తీసుకెళ్ళి, కప్పునీ కప్పనీ ఆయన చేతిలో పెట్టేశాడు.

"రెండూ నీవే బావా. నిన్న నీ కప్పని దొంగిలించి, నేను చెక్కిన నకలు నీ అలమారలో పెట్టాను."

బావ కోప్పడలేదు. కప్పని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, బావమరిది జేబులో పెట్టాడు. కప్పు కూడా తిరిగి ఇచ్చేశాడు.

"పందెం ముందు రోజు సాయంత్రం నా కప్పని తొట్టిలో వేసి చప్పుడు వింటాను. నిన్న విన్నది నాది కాదు. అంత నాజూకు పని చేసే చెయ్యి ఎవరిదో తెలుసు కాబట్టి వెతుక్కోనక్కర్లేకపోయింది" అన్నాడు. "ఇందాక నీ పెట్టె చూస్తుండమన్నావుగా, అప్పుడే నాది నేను తీసుకుని నీది నీ పెట్టెలో పెట్టేశాను, నువ్వు గెలిచింది నువ్వు చెక్కిన కప్పతోనేరా."