గంప కిందికి పిలిచిన కేక

ఆ పెరట్లో కోళ్లకి తాతల నాటి నుంచీ రెండే కేకలు. గద్దలాంటిది పైనుంచి వస్తే "కిర్ర్" అనాలి, అన్నీ గంప కింద దూరాలి. పిల్లిలాంటిది నేలమీద వస్తే "టకటక" అనాలి, అన్నీ గోడెక్కాలి.

ఒక పొద్దున ఆకాశంలోంచి బస్తా అంత వింతజీవి ఒకటి దిగింది. దిగి, నాలుగు కాళ్లమీద నడవడం మొదలెట్టింది.

"పైనుంచి వచ్చింది కదా, కిర్ర్!" అని అరిచింది నల్లపెట్ట.

"నడుస్తోంది, కళ్లు కనపడట్లేదా? టకటక!" అంది ముసలి పుంజు.

సగం గోడెక్కాయి, సగం గంపలో దూరాయి. అనుమానమొచ్చి ఎక్కినవి దిగాయి, దూరినవి బయటికొచ్చాయి. ఆ తొక్కిసలాటలో వింతజీవి ఎర్రపెట్టని ఎత్తుకుపోయింది.

ఆ రోజంతా కోళ్లు ఎర్రపెట్ట గురించి మాట్లాడుకోలేదు. ఏ కేక సరైనదో అని కొట్టుకున్నాయి. వింతజీవి గోడవతల కూర్చుని రెండు కేకలూ శ్రద్ధగా వింది.

మర్నాడు "కిర్ర్" అని గట్టిగా వినపడింది. ఈసారి ఏదీ వాదించలేదు. కోళ్లన్నీ ఒక్కటై గంప కింద దూరాయి.

"అందరం ఒక్కమాట మీదుంటే ఎంత బాగుందో చూశావా?" అంది పుంజు. "నీ మాటే నెగ్గిందిలే నల్లపెట్టా. బాగా అరిచావు."

"నేనెక్కడ అరిచాను మామా? నువ్వేమో అనుకున్నాను."

గంప అంచుని పైకెత్తి ఉంచిన రాయి పక్కకి జరిగింది. గంప మీద ఏదో బరువుగా కూర్చుంది.