చివరి పెట్టె

“మీ నాన్న కూడా నీళ్ళకోసమే దిగాడా?”

మొదటి బెంచీ కుర్రాడు తల గోక్కున్నాడు. “దిగాడు సార్.”

“రైలు కదిలిందా?”

“కదిలింది సార్.”

“పరుగెత్తుకొచ్చి చివరి పెట్టె ఎక్కాడా? చేతిలో సీసా, సీసా నిండా నీళ్ళు, ఒక్క చుక్క ఒలకలేదు. అంతేనా?”

“మీకెలా తెలుసు సార్?”

క్లాసంతా గొల్లుమంది. ఇంగ్లీషు మాస్టారికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ‘మరపురాని రోజు’ మీద సొంతంగా వ్యాసం రాయండర్రా అని గొంతు చించుకుంటే, ఈ పిల్లల తండ్రులందరూ కట్టగట్టుకుని ఒకే స్టేషన్లో దిగి ఒకే రైలు వెంట పడ్డారు! ఆ వ్యాసం ఎక్కడిదో ఆయనకు తెలియక కాదు. తనకు ముందు ఈ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పెద్ద టీచరుగారు రాయించిన నమూనా వ్యాసం అది. అన్నల నుంచి తమ్ముళ్ళకు, అక్కల నుంచి చెల్లెళ్ళకు, అక్కడినుంచి ట్యూషన్లకు పాకింది. దాంతోపాటు ఆవిడ చెప్పిన సూత్రం కూడా అందరికీ నోటికొచ్చు: వ్యాసం సంతోషంగా ముగియాలి, ఏడుపుగొట్టు ముగింపుకు మార్కులు పడవు.

“మళ్ళీ రాయండి,” అన్నాడు మాస్టారు బల్ల గుద్ది. “ఈసారి ఎవరి కాగితంలోనైనా రైలు కనిపించిందో, సున్నా! ఈ మార్కులు పెద్ద పరీక్షలో కలుస్తాయి. సున్నా పడితే ఏడాది పోయినట్టే. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడవద్దు.”

బెదిరింపు బాగానే పనిచేసింది. కుక్క కరిచిన రోజు, పన్ను ఊడిన రోజు, బాబాయి లిఫ్టులో ఇరుక్కున్న రోజు వచ్చాయి. అన్నీ తప్పుల తడకలే. అయితేనేం, ఎవరి తప్పులు వాళ్ళవి. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది, చీమ కాగితం చేతికొచ్చేదాకా.

చీమ అంటే మూడో బెంచీ అమ్మాయి. అక్షరాలు చీమల బారులా ఉంటాయని ఆయనే పెట్టిన ముద్దుపేరు. క్లాసులో కాస్తో కూస్తో సొంత బుర్ర ఉన్నది ఆ పిల్లకేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే చదవబోయాడు. మొదటి వాక్యంలోనే రైలు! రెండో వాక్యంలో నీళ్ళ సీసా. మూడోది చదివే ఓపిక లేక ఎర్ర పెన్నుతో ఇంత సున్నా చుట్టాడు.

“నువ్వు కూడానా చీమా?”

“చివరిదాకా చదవలేదు సార్ మీరు.”

“చదవాలా? నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. రేపు మీ అమ్మను తీసుకురా.”

పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. అది చూసి ఆయనకు ఇంకా చిరాకెత్తింది.

స్టాఫ్ రూములో లెక్కల టీచరు నచ్చజెప్పబోయింది. “పోనీలెండి మాస్టారూ. పాసు మార్కులు పడేస్తే మీ సొమ్మేం పోయింది? పిల్ల ఏడాది ఎందుకు పాడుచేయడం?”

“మీకేమ్మా, రెండూ రెండూ కలిపితే ఎవడు రాసినా నాలుగే. మీరు కాపీ అనరు. ఇక్కడ నేను అన్నమాట మీద నిలబడకపోతే మళ్ళీ అందరూ ఆ రైలే ఎక్కుతారు. ఎల్లుండి మార్కులు ఆఫీసుకు వెళ్ళిపోవాలి. సున్నా అంటే సున్నానే.”

మర్నాడు బడి విడిచాక చీమ వాళ్ళమ్మ క్లాసు గదికే వచ్చింది. రైల్వే విచారణ కౌంటరులో పనిట, యూనిఫాంతోనే ఉంది.

“ఓహో! రైళ్ళు ఇంట్లోనే ఉన్నాయన్నమాట,” అన్నాడు మాస్టారు.

“రైలు వద్దన్నారని మా అమ్మాయి చెప్పిందండీ. నేనే రాయమన్నాను.”

“బాగుందమ్మా! తల్లే కాపీ కొట్టమంటే ఇక మేమెందుకు?”

“కాపీ కాదండీ. అది మా ఇంట్లో జరిగింది.”

“ఈ బడిలో అందరిళ్ళలోనూ జరిగింది! కావలిస్తే అడిగి చూడండి.”

ఆవిడకు కోపం రాలేదు. మూడో బెంచీ మీద చెయ్యివేసి నిలబడింది. “నేనూ ఇక్కడే కూర్చునేదాన్నండీ. పెద్ద టీచరుగారు మరపురాని రోజు రాయమంటే రాశాను. ఆవిడ దిద్ది, బాగుందని క్లాసంతటిచేతా రాయించారు. అది ఇంకా నడుస్తోందని మొన్న మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు.”

ఆ రైలును పెద్ద టీచరుగారు కుర్చీలో కూర్చుని కల్పించిందనే ఇన్నాళ్ళూ మాస్టారు అనుకున్నాడు. నిజంగా జరిగిన సంగతా! అయితే చీమ రాసింది వాళ్ళమ్మ కథే. ఇన్నాళ్ళకు ఈ బడిలో ఒక్క పిల్లయినా తనవాళ్ళ సంగతి రాసింది. ఆయన మొహం విప్పారింది. గబగబా పెన్ను తీసి సున్నా కొట్టేశాడు.

“ఈ ముక్క ముందే చెప్పకూడదూ తల్లీ! అయితే మీ నాన్నగారు ఒక్క చుక్క ఒలక్కుండా నిజంగానే చివరి పెట్టె ఎక్కేశారన్నమాట!”

ఆవిడ కూతురి కాగితం తిప్పి, ఆయన చదవని రెండో పేజీ ముందుకు జరిపింది.

“దిద్దేటప్పుడు ఆయన్ని ఎక్కించింది మా టీచరుగారండీ.”