మూడో గ్లాసు

ఖతీజా రాసిన ప్రోగ్రాం చందు పేరు మీదికి రావాలి. చందు రాసిన చెత్త ఖతీజా పేరు మీదికి పోవాలి. ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసు మేడమ్ ప్రోగ్రాములు చూసి ఒకరికి ఉద్యోగం ఇవ్వడానికి మూడింటికి వస్తానంది. ఇప్పుడు రెండున్నర. పిల్లలంతా చాయ్ తాగడానికి కిందికి పోయారు. శేఖర్ సార్ తలుపు దగ్గరికేసి కంప్యూటర్ ముందు కూచున్నాడు.

సార్ అంటే ఏం సార్! షంషాబాద్ బస్టాండ్ ఎదురుగా జిరాక్స్ షాపు నడిపిన మనిషి. రెండేళ్ల కింద ఎయిర్‌పోర్టు తెరవగానే పాత కంప్యూటర్లు ఆరు కొని, మేడ మీద కంప్యూటర్ క్లాసుల బోర్డు కట్టి, ఏకంగా గురువైపోయాడు. చదివింది ఒకే ఒక్క పుస్తకం, అదీ సగం.

ఆ సగంలో ఆయనకు నోటికొచ్చిన పాఠం ఒకటుంది. ప్రతి బ్యాచ్‌కీ అదే తమాషా. ఒక గ్లాసులో చాయ్, ఇంకో గ్లాసులో నీళ్లు.

"వేరియబుల్ అంటే గ్లాసు. లోపల ఉన్నది వాల్యూ. గీ రెండింటిని అటుదిటు మార్చాలంటే ఏం గావాలె? మూడో గ్లాసు! దాని పేరు టెంప్."

చాయ్ మూడో గ్లాసులోకి, నీళ్లు చాయ్ గ్లాసులోకి, చాయ్ నీళ్ల గ్లాసులోకి. ఆఖర్న మూడో గ్లాసుని బోర్లించి చూపించేవాడు. "పని అయిపోయింది, ఖాళీ!"

మొన్న ఖతీజా చెయ్యెత్తింది. "సార్, జర ఒక డౌట్. కంప్యూటర్ల గూడ గా మూడోది ఖాళీ అయితదా?"

"బోర్లించి చూపిస్తి గద! కండ్లు మగ్గం మీదనే మర్చిపోయి వచ్చినవా?"

క్లాసంతా పడీ పడీ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు చందు, సార్ బామ్మర్ది.

ఖతీజా తల దించుకుంది. జల్‌పల్లిలో వాళ్లింట్లో అందరిదీ బట్టల మీద జరీ కుట్టే జర్దోజీ పనే. ఆ మగ్గం మీద సూది పట్టీ పట్టీ అమ్మకి చూపు మందగించింది. అది చూసి ఇటు వచ్చిన పిల్ల. ఇంట్లో కంప్యూటర్ లేక ప్రోగ్రాములన్నీ నోటుబుక్కులో రాసుకునేది. కార్గో ఆఫీసులో ఖాళీ ఉన్నది ఒకటే ఉద్యోగం. అది పోతే మళ్లీ సూదే.

శేఖర్‌కి ఇవేం పడతాయి? "మా తమ్మునికి నౌకరీ ఏది?" అని ఇంట్లో పెళ్లాం ప్రాణం తోడేస్తోంది. ఖతీజాది ఉత్తగా కాపీ కొట్టి చందుకిస్తే, రెండూ ఒక్కలాగే ఉండి దొరికిపోతారు. అందుకే ఈ మార్పిడి.

ఖతీజా ఫైలుని టెంప్ అని ఇంకో ఫైలుగా కాపీ చేశాడు. చందుది ఖతీజా ఫైలులోకి, టెంప్‌లోది చందు ఫైలులోకి. ఆ రెండింటిలో పై వరుసలో ఉన్న పేర్లు మార్చాడు. అచ్చం పాఠంలో చెప్పినట్టే. చేతులు దులుపుకుని లేచి తలుపు తీశాడు.

మూడింటికి కార్గో మేడమ్ ప్రియదర్శిని వచ్చింది. అందరి ముందూ చందు ఫైలు నడిపింది. ఏ మూట బరువు కొట్టినా ఛార్జీ ఎంతో టకటకా జవాబు. ఖతీజాది మూడో మూటకే ఆగిపోయింది.

"ఇది నాది కాదు మేడమ్." ఖతీజా ముందుకొచ్చింది.

"నీ పేరే ఉంది కదమ్మా."

"ఐదు నెల్ల సంది గిదే లొల్లి మేడమ్," శేఖర్ అందుకున్నాడు. "నేర్సుకునుడు తక్కువ, డౌట్లు ఎక్కువ. డౌట్ల దుకాణం!"

ప్రియదర్శిని చందు పేరు రాసుకోబోయింది. ఖతీజా కళ్లు తుడుచుకుని తెర వంక చూసింది. అక్కడ వాళ్లిద్దరి ఫైళ్ల పక్కన మూడోది ఉంది, టెంప్.

"మేడమ్, ఒకే ఒక్క డౌట్."

మళ్లీ నవ్వులు. "అడగనివ్వండి," అంది ప్రియదర్శిని.

"పనైనంక టెంప్ ఖాళీగ ఉంటదని మా సార్ చెప్పిండు. జర తెరిచి చూడుండ్రి."

"దాంట్ల ఏముంటది మేడమ్, ఉత్త ఖాళీ!" ధీమాగా నవ్వాడు శేఖర్.

ప్రియదర్శిని తెరిచింది. ఇందాక చందు పేరుతో టకటకా నడిచిన ప్రోగ్రామే, అక్షరం పొల్లుపోకుండా. పై వరుసలో మాత్రం, "రాసింది: ఖతీజా, జల్‌పల్లి."