పిడికెడు పొగాకు

సరిగ్గా లోయలోకి దిగుతుండగా వైపర్లు రెండూ ఆగిపోయాయి.

ఒకసారి కీచుమన్నాయి, అంతే. అద్దం మీద వాన కుండలతో గుమ్మరించినట్టు పడుతోంది.

"అమ్మా, రోడ్డు కనబడ్డంలేదు!" తమాతి బ్రేకు తొక్కాడు.

"ఆపకురా! చీకటి పడిపోతుంది," అంది పక్క సీట్లోంచి తల్లి హూరియా.

వాళ్ళు వెళ్తున్నది సముద్రపొడ్డున ఉన్న సొంతూరి మరాయ్‌కి. వంశమంతటికీ ఉమ్మడిగా ఉన్న తాతముత్తాతల ఇల్లది. పొద్దు గుంకాక ఆ వాకిట్లోంచి ఎవరికీ పిలుపు రాదు. పిలుపు రాకుండా లోపల అడుగు పెట్టకూడదు. ఆలస్యమైతే తెల్లారేదాకా గేటు బయటే ఉండాలి.

హూరియా అన్న హోహెపా బతుకంతా దూరంగా పట్నంలో, హామిల్టన్‌లోనే గడిపాడు. ఆసుపత్రి మంచం మీద ఆయన అడిగింది ఒక్కటే, నన్ను ఇంటికి తీసుకెళ్ళండి అని. అలాంటి మనిషిని సొంత గడప ముందు పరాయివాడిలా రాత్రంతా వానలో ఉంచడమా?

ఆ వ్యాను ఆయనదే. వెనక సీట్లు తీసేసి ఆయన్ను పడుకోబెట్టారు. భార్య మెరెయానా పొద్దుటినుంచీ పక్కనే కూర్చుని ఉంది.

"ఈ వైపర్ల మోటారు మార్పించండి మహాప్రభో అని ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నాను," అంది మెరెయానా. "వింటున్నారా? మిమ్మల్నే!"

హోహెపా పలకలేదు.

"పలకరు. తప్పు తనదైతే ఎప్పుడూ ఇంతే."

తమాతి కిటికీ దించి, తల బయటపెట్టి నడుపుతున్నాడు. వాన కళ్ళలో గుచ్చుకుంటోంది. ఎడమపక్క రోడ్డంచు, దాని కింద పొంగుతున్న ఏరు. ఎదురుగా దుంగల లారీ ఒకటి దూసుకొచ్చి అద్దం నిండా బురదనీళ్ళు కొట్టిపోయింది. ఆ క్షణం ఇంకేమీ కనబడలేదు. చక్రం గులకరాళ్ళ మీదికి జారింది. తమాతి స్టీరింగును ఒక్క తిప్పు తిప్పాడు. వ్యాను ఊగిపోయి, ఎలాగో రోడ్డెక్కింది.

"ఒళ్ళు దగ్గర పెట్టుకోరా! వెనక మామయ్య ఉన్నాడు!"

"ముందు మనం కూడా ఉన్నాం కదమ్మా!"

మలుపు దాటాక రోడ్డు పక్కన ఓ రైతు బంగాళాదుంపలు అమ్మకానికి పెట్టిన చిన్న పాక కనబడింది. వానకి మనుషులెవరూ లేరు. తమాతి వ్యాను ఆపి, ఒక్క పరుగున వెళ్ళి ఓ దుంప పట్టుకొచ్చాడు. కోసిన దుంపతో అద్దం రుద్దితే నీళ్ళు బొట్లు కట్టవు, పలచగా జారిపోతాయి. అది డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కాయే.

"దూరం! దూరం! తిండి వస్తువు ఈ బండి దగ్గరికి తేకు!" హూరియా గావుకేక పెట్టింది.

"తినడానికి కాదమ్మా, అద్దానికి!"

"అద్దానికైనా సరే. మామయ్య ఉన్న బండికి దుంప రుద్దుతావురా? పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా దిగి తాగింది ఎందుకనుకున్నావు?"

"అందరం ఏట్లో పడ్డాక చెబుదువుగాని నీ ఆచారాలు!"

మాటకి అన్నాడే గానీ వాడికీ ధైర్యం చాల్లేదు. దుంపను తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టేశాడు. అప్పటికే కొండల మీద వెలుగు తగ్గిపోతోంది. చేతికందిన ఉపాయాన్ని వదిలేసి వానలో తడుస్తూ నిలబడాల్సి వచ్చినందుకు వాడికి ఏడుపొచ్చినంత పనైంది.

"పొగాకు తిండి కాదుగా? అద్దానికి అదీ పనిచేస్తుంది," అంది వెనకనుంచి మెరెయానా, మెల్లగా. ఆవిడ ఒళ్ళో భర్త కోటు ఉంది. దాని జేబులోంచి తోలుసంచి తీసింది.

హూరియా వెనక్కి తిరిగింది. "అన్నయ్యా, నీ పొగాకు తీసుకుంటున్నాం. తిట్టుకోకు."

"ఎవరికైనా చిటికెడు పెట్టిన చెయ్యేనా ఇది!" మెరెయానా నవ్వబోయి, నవ్వలేకపోయింది. "ఇవాళ కిమ్మనలేదు చూశావా వదినా."

తమాతి పిడికెడు పొగాకు తడిపి అద్దమంతా పాముతూ బలంకొద్దీ రుద్దాడు. గోధుమరంగు నీళ్ళు కారాయి. కాసేపటికి బొట్లు కరిగి, వాన పలచటి పొరలా జారడం మొదలెట్టింది. దాని వెనక రోడ్డు మసగ్గానైనా కనబడింది.

"పోనీ! పోనీ!" అంది హూరియా.

లోపల ముగ్గురి ఊపిరికీ అద్దానికి ఆవిరి పడుతోంది. హూరియా మెడలోని రుమాలుతో తుడుస్తూనే ఉంది. ఒక వంతెన దగ్గర మళ్ళీ ఆగి, మిగిలిన పొగాకు కూడా పామేశారు. అందరి చూపూ ఆకాశం మీదే.

"ఇంకాస్త దూరమే. వచ్చేశాం," అని మెరెయానా ఒక్కతే గొణుగుతోంది భర్తతో.

గేటు దగ్గర ఆగేసరికి సముద్రం మీద బూడిదరంగు వెలుతురు ఇంకా కొంచెం మిగిలే ఉంది. వసారాలో కర్ర పట్టుకుని నిలబడ్డ హోహెపా పెద్దక్క గొంతు వానను దాటుకుని సాగింది.

"రా తమ్ముడూ... రా... నీ ఇంటికి రా..."

పిలుపు అందింది. హూరియా భోరుమంది.

తమాతి వెనక తలుపు తెరిచాడు. ఆరుగురు వచ్చి మామయ్య శవపేటికను భుజాలకెత్తుకున్నారు.