దుప్పటికి అవతలి కొస

...అయినా రొట్టె కొనడానికి వెళ్లినవాడు ‘నేను రొట్టెని, నన్ను కోయండి’ అని ఎందుకన్నట్టు?

దుకాణమంతా పడీపడీ నవ్వింది. నవ్వనీ. అంతకుముందు సూపర్‌వైజరు తల్లి పోతే, అందరి ముందూ ఆయన చేయి పట్టుకుని ‘శుభాకాంక్షలు’ చెప్పాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. అదే ఇంకా మింగుడుపడలేదు.

వలస వచ్చిన ఈ ఊరి భాషలో నోరు విప్పితే పరువు పోతోంది. అందుకని విప్పడమే మానేశాడు.

గదిలో సొంత భాషలో గోడతో మాట్లాడితే, తన గొంతు ఎవరిదో అనిపించేది.

లాండ్రీలో అతని పని దుప్పట్లు మడవడం. అది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఇటు కొసలు తను, అటు కొసలు ఒక ముసలామె. దగ్గరికి నడవాలి, కొసలు కలపాలి, మళ్లీ దూరం జరగాలి. మాటా మంతీ లేకుండానే చాలా దుప్పట్లు మడిచారు.

ఒక ఉదయం ఆమె తడిసి ముద్దయి వచ్చింది.

“బాబూ, వాన నన్ను తాగేసింది,” అంది, ఆ భాషలోనే.

అతనికి నవ్వాగలేదు. ఎన్నాళ్లయిందో నవ్వి!

“వాన తాగదు పెద్దమ్మా. వానలో మీరు తడిశారు.”

“ఓహో! నేను తడిశారు.”

“తడిశాను.”

“అందుకే మా మోకాలుగారు ఏడుస్తున్నారు.”

“మోకాలు నొప్పి అనాలి.”

“అలాగే మాస్టారూ!”

పాపం, ఈమె కూడా ఎక్కడినుంచో వచ్చిపడిందే అనుకున్నాడు. గుడ్డి కన్నా మెల్ల నయం కదా, ఆ పూట కాస్త గర్వంగా కూడా ఉంది. మిగతావాళ్లతో ఆమె గొంతు తగ్గించి మాట్లాడేది. సిగ్గు కాబోలు. మీది ఏ ఊరని మాత్రం అడగలేదు. అడిగితే తనదీ చెప్పాల్సొస్తుంది.

రోజూ ఆమె ఏదో ఒక మాట తప్పుగా అనేది. అతను దిద్దేవాడు. సాయంత్రాలు గదిలో, ఆమెకు చెప్పడానికి కొత్త మాటలు నేర్చుకునేవాడు.

చలి ముదిరాక ఆమె రావడం మానేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె కూతురు వచ్చింది, అరలో మిగిలిపోయిన చెప్పులు తీసుకెళ్లడానికి.

“అమ్మగారు పోయారని విన్నానండీ. చాలా బాధగా ఉంది,” అన్నాడు. ఒక్క తప్పూ దొర్లలేదు. “ఆ వయసులో కొత్త భాష నేర్చుకోవడమంటే మాటలా! ఎంత కష్టపడేవారో.”

“కొత్త భాషా?” కూతురు ఆగిపోయింది. “అమ్మ ఈ వెనక వీధిలోనే పుట్టిందండీ. ఇంకో భాష ముక్క రాదు.”

అతను అరలోంచి చెప్పులు తీసి కూతురి చేతికిచ్చాడు.

“ఈ మధ్య మాత్రం వంట చేస్తూ ఏవేవో తిక్క మాటలు కూడబలుక్కుని, తనలో తనే నవ్వుకునేది. ఎందుకో మాకు ఇప్పటికీ తెలీదు.”

మర్నాడు దుప్పటికి అవతల, కొత్తగా చేరినామె నిలబడింది. పెదవులు బిగించి, ఎవరి కళ్లలోకీ చూడకుండా.

అతను దగ్గరికి నడిచి, కొసలు ఆమె చేతికి అందించాడు.

“ఆకలేస్తోందమ్మా,” అన్నాడు. “నేను రొట్టెని, నన్ను కోయండి.”