చక్రాలు విప్పాక

"దాని మీద మిషను పెట్టావంటే ఊరుకోను," అన్నాడు హార్మెన్, ట్రాక్టర్ వెనక చక్రానికి వీపు ఆనించి నిలబడి.

ఇనుము కోసే మిషను చేతిలో పట్టుకున్న బోటెంగ్ ఆగిపోయాడు. అతనిది ఘనా. హాలెండ్ పల్లెల్లో పాతబడ్డ వ్యవసాయ యంత్రాలు కొని ఓడలో తన దేశానికి పంపిస్తుంటాడు. ఈ ట్రాక్టర్ మాత్రం అమ్మకానికి కాదు, అక్కడి టెచిమాన్ ఊళ్ళో పెండలం, మొక్కజొన్న పండించే అక్క అకోసువా కోసం. అద్దె ట్రాక్టర్ ఆమె వంతుకు వచ్చేసరికి ఏటా అదును దాటిపోతోంది.

బోటెంగ్ ఓపిగ్గా నచ్చజెప్పాడు. బండిని ఉన్నదున్నట్టు ఓడెక్కిస్తే ఓడ కిరాయే బండి ధరను మించిపోతుంది. చక్రాలు, కాబిన్ ఊడదీస్తే ఇంకొకరి సామానుతో కలిపి ఒకే కంటైనర్‌లో సర్దేయొచ్చు. బోల్టులన్నీ తుప్పు పట్టాయి కాబట్టి విప్పేకంటే కోసేయడం సులువు.

"కోసినదాన్ని అక్కడ ఎవరు అతుకుతారు?" అని అడిగాడు హార్మెన్.

"ఎవరో ఒకరు దొరక్కపోరు పెద్దాయనా."

"ఇంతకుముందు పంపినవి నడుస్తున్నాయా?"

బోటెంగ్ తల గోక్కున్నాడు. "రెండు నడుస్తున్నాయి. మూడోదాంట్లో మా అక్క కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి."

ఇంతలో హార్మెన్ భార్య ఫ్రౌకె వాకిట్లోకి వచ్చింది. బేరం కుదిర్చింది ఆవిడే.

"అడ్డు లే హార్మెన్. పొలం అమ్మేశాం. డోకుమ్ టౌన్లో మనం చేరబోయేది మూడో అంతస్తు. దీన్ని లిఫ్టులో ఎక్కిస్తావా?"

హార్మెన్ చక్రం దగ్గర్నుంచి కదిలాడు. బోటెంగ్ చేతిలోని మిషను తీసి గడ్డి మీద పెట్టాడు. షెడ్డులోంచి తన స్పానర్లు తెచ్చుకున్నాడు. ఒక్కో బోల్టుకీ నూనె పోసి, నాననిచ్చి, నిద్రపోతున్న బిడ్డ చేతిలోంచి బొమ్మ తీసినంత నెమ్మదిగా విప్పడం మొదలుపెట్టాడు. బోటెంగ్ పక్కనే కూర్చుని ప్రతిదీ ఫోనులో ఫోటో తీసుకున్నాడు. ముసలాయన అది చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఫోటోలో బోల్టు బిగువు కనబడదు అబ్బాయ్."

ఫ్రౌకె కాఫీ తెచ్చింది. కప్పుకి ఒక్క బిస్కెట్టు. మళ్ళీ అడగాలంటే బోటెంగ్‌కు మొహమాటం వేసింది. ఆవిడ వెళ్ళబోతూ, నేల మీద మోకాళ్ళూని పని చేస్తున్న భర్త కేసి కాసేపు చూసి లోపలికి పోయింది.

సాయంత్రానికి ట్రాక్టర్ ముక్కలు ముక్కలై వాకిలంతా పరుచుకుంది. ఫోర్క్‌లిఫ్ట్ ఇంజన్ని పైకెత్తే సమయానికి హార్మెన్ చేతులు తుడుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ముసలాయన సాకిన ఎద్దును కళ్ళముందే తోలుకుపోతున్నట్టనిపించింది బోటెంగ్‌కు.

కంటైనర్ లారీ కదిలాక, చెప్పి వెళదామని గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఫ్రౌకె పెద్ద పెట్టె ఒకటి ఈడ్చుకుంటూ ఎదురొచ్చింది. కంటైనర్ బయల్దేరుతోందంటే ఎవరో ఒకరు పాత బట్టలు ఇవ్వడం అతనికి మామూలే.

"అమ్మా, లోపల చెంచా పట్టే చోటు కూడా లేదు. సీలు కూడా వేసేశారు."

"కంటైనర్‌లోకని ఎవరన్నారు? ఎత్తి చూడు. విమానంలో ఇంత బరువు ఒప్పుకుంటారా?"

బోటెంగ్‌కు అర్థం కాలేదు. ఆవిడ గొంతు తగ్గించింది.

"ఆ బండిని మళ్ళీ నిలబెట్టేదాకా హార్మెన్ మీ అక్క ఇంట్లో ఉంటాడు. ఆయనకింకా తెలీదు. నువ్వే చెప్పు, నేను చెబితే వేళాకోళం అనుకుంటాడు."

బోటెంగ్ పెట్టె కేసి చూశాడు. "ఓడ చేరడానికి నెల పడుతుంది కదమ్మా. ఇప్పుడే సర్దేశారా?"

"ఆగితే మనసు మార్చుకుంటాను."

అతను పెట్టె ఎత్తబోయి మళ్ళీ దించేశాడు. "ఒక్క మనిషి బట్టలు ఇంత బరువా?"

"పైనున్నవి ఆయనవి," అంది ఫ్రౌకె. "అడుగునున్నవి నావి."